పరిగెకు పిలుపు

వత్సవాయి,
1 డిసెంబర్ 2024, ఆదివారం. మబ్బు. ఉదయం వరికుప్ప మీద పట్టా కప్పి వచ్చాను.

ఆదివారం అనుబంధం సంపాదకులు గారికి,

మీ గళ్ల నుడికట్టు ఎనిమిదేళ్లుగా నింపుతున్నాను. ఆధారాలు నేను చదువుతాను. చదువురాని మా అమ్మ సగం జవాబులు చెబుతుంది. ఫిర్యాదు రాయడం ఇదే మొదలు.

పోయిన వారం పదకొండు అడ్డానికి మీరిచ్చిన ఆధారం: "పొలంలో దొంగిలించిన వెన్నులు, మూడక్షరాలు." వారమంతా ఆలోచించినా మాకు తట్టలేదు. ఇవాళ జవాబు వేశారు: పరిగె.

ఎవరు చెప్పారండీ మీకు? కోత అయ్యాక చేలో రాలి మిగిలిన వెన్నులు పరిగె. రైతు వాటిని ముట్టుకోడు. కూలి ఆడవాళ్లను పిలిచి ఏరుకోమంటాడు. వాళ్లు ఏరుకున్నాకే పశువులను తోలతాడు. అమ్మ నన్ను ఆ గింజలతోనే పెంచింది. నా పలక కూడా ఆ గింజలు పోసే కొంది.

ఇప్పుడు మాకూ ఎకరం ఉంది. ఏటా కోత కాగానే ఆడవాళ్లను పరిగెకు పిలిచేది అమ్మే. ఇవాళ మీ జవాబు విన్నాక మంచం దిగలేదు.

"వెళ్లి పిలువమ్మా, వాన వచ్చేట్టుంది" అన్నాను.

"దొంగతనానికి ఎట్టా పిలిచేదిరా? పేపరోళ్లు అచ్చేశారుగా" అంది.

వచ్చే ఆదివారం తప్పు ఒప్పుకుంటూ పెద్ద అక్షరాలతో వేయండి. ఏ మూలో చిన్న సవరణ వేసి ఊరుకుంటే ఒప్పుకోను.

వీధిలో ఆడవాళ్లు బుట్టలతో నిలబడి ఉన్నారు. "పిన్నమ్మా, పరిగెకు పిలవ్వా ఈ ఏడు?" అని అడుగుతున్నారు. అమ్మ లేచి చేతికర్ర వెతుక్కుంటోంది. కర్ర తలుపు వెనక ఉంది. అందించి వస్తాను.