జేబులో ఫ్యూజు

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కల్వకుర్తి ఎత్తిపోతలకు పైపులు చేసే మన షెడ్డులో నీ వెల్డింగ్ మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపారు. మిషన్ నుంచి ఆఫీసు గదిదాకా నీలం వైరు లాగారు. ఇక ఇంజనీరు అక్కడే కూర్చుని మీట నొక్కితే చాలు, ఇక్కడ పైపు లోపల మిషన్ చేయి తిరుగుతూ అతుకు వేస్తుంది.

ఆ గదిలోంచి పైపు కనపడదు.

ఈ రోజు పైపు లోపలి అతుకు మీద పెచ్చుకట్టిన చిట్టెం కొట్టి రమ్మన్నారు. "మిషన్ బంద్ జేసిన్రా సారూ?" అని అడిగాను.

"కంప్యూటర్ల బందే చూపిస్తుంది, పో" అన్నాడు ఇంజనీరు.

నీ మాట గుర్తొచ్చింది. "లోపలికి పోయేటోడే ఫ్యూజు పీకి జేబుల ఏసుకోవాలె. ఎవ్వల్ని నమ్మొద్దు" అనేవాడివి. అలాగే పీకి జేబులో వేసుకుని, లోపలికి దూరాను.

సగం పని కాకముందే ఆఫీసు గదిలోంచి ఇంజనీరు అరుపు వినిపించింది. "ఎన్నిసార్లు నొక్కినా మిషన్ లేస్తలేదేంది?"

మిషన్ చేయి నా మోకాలికి ఆనుకునే ఉంది. జేబు గట్టిగా పట్టుకున్నాను.

నువ్వు పోయిన రోజు నేనూ ఈ ఇంజనీరులాగే అన్నాను కదా, "బంద్ జేసిన, పో మామా" అని. నన్ను నమ్మి నువ్వు ఫ్యూజు పీకలేదు.