తెబాన్ తాత అమ్ముతున్న కుట్టు మిషను

అమ్మా,
వెల్లుల్లి అన్నం మూకుడులో ఉంది, ముందు తిను. తర్వాత కళ్లజోడు తీసుకుని జీప్నీ ఎక్కి, చర్చి వెనక తెబాన్ తాత ఇంటికి వచ్చెయ్. నేను ముందే వెళ్తున్నాను.

వాళ్లావిడ తొక్కిన కుట్టు మిషను అమ్ముతానని ఆయన ఫోన్లో ప్రకటన పెట్టారు. నేను కొంటానంటే, "నీకు కుట్టడం వచ్చా పిల్లా?" అని అడిగారు. మా అమ్మకు వచ్చన్నాను. "అయితే ఆవిణ్ణే రమ్మను. నా కళ్ల ముందు కుట్టి చూపిస్తేనే ఇస్తా. పైన పూలకుండీ పెట్టుకుని మురిసేవాళ్లకి ఇవ్వను" అన్నారు. కానీ షాపులో అలంకారానికి పెట్టుకుంటామని కాఫీ షాపువాళ్లు కూడా ఈ పూటే వస్తున్నారట, ఎక్కువిస్తామంటున్నారట. నాకు కాలు నిలవడం లేదు. నువ్వొచ్చేదాకా ఆయన గుమ్మంలోనే కూర్చుంటాను.

నన్ను డిగ్రీ దాకా చదివించిన మిషను వరదలో పోయాక, "ఇక కుట్టను, నాకేం బెంగ లేదు" అన్నావు. నమ్మేశాను. రానని మాత్రం అనకు.

దలిసాయ్

నిన్న నువ్వు టీవీ చూస్తుంటే, బల్ల కింద నీ పాదాలు మిషను తొక్కుతూనే ఉన్నాయమ్మా. నేను చూశాను.