నడుము మీద కోడలి కాలు

మన ఊరు, తిరుమలగిరి పక్కన
1949, సంక్రాంతి దాటినాక

మీ పాదాలకు దండం పెట్టి లక్ష్మీనర్సమ్మ సిగ్గుపడుతూ రాసుకునే సంగతులు.

ఇక్కడ అందరం బాగున్నాం. పట్నంలో మీరు, మీ సేటు బియ్యం దుకాణం బాగున్నారని తలుస్తాను. నాలుగో తరగతి దాకా చదివిన చెయ్యి, తప్పులుంటే నవ్వకండి.

ఒక మాట ఎలా రాయాలో తెలియడం లేదు. నా కాలు మామయ్య నడుముకు తగిలింది. పొరపాటున కాదు. అత్తమ్మే నా జబ్బ పట్టుకుని తగిలించింది. మరునాడు కూడా తగిలింది. ఇప్పుడు రోజూ పొద్దున తగులుతోంది. నేను భయంభయంగా తాకిస్తే మామయ్య, "గట్లనా బిడ్డా తన్నేది? జర గట్టిగ తన్ను!" అని కోప్పడతారు. ఆ తరువాత లేచి హాయిగా జొన్న గట్క తాగుతారు.

పెళ్ళయి ఏడాది దాటింది. ఉగాదికల్లా తీసుకుపోతానన్నారు. కిరాయికి గది దొరికిందా?

మీ
లక్ష్మీనర్సమ్మ

తా.క.: కాలి సంగతి ఎవరికీ చెప్పకండి. అత్తమ్మ ఇప్పటికే అందరికీ చెప్పింది.

*

పట్నం

సౌభాగ్యవతి లక్ష్మీనర్సమ్మకు నీ భర్త రఘుపతి కోపంగానే ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చదివి, నిద్రలో రాశావేమో అనుకున్నాను. నిన్న మన ఊరి పెద్దులుగాడు నెయ్యి అమ్ముకోవడానికి వచ్చి, దుకాణంలో అందరూ వింటుండగా, "ఏమే రఘుపతన్నా, నీ పెండ్లాం పొద్దుగాల లేస్తె మీ బాపును తంతాంది గదనే!" అన్నాడు. సేటు తూకం ఆపి నా ముఖం చూశాడు.

బాపు నిన్ను ఏమన్నాడు? పెద్దాయన ఒక మాటంటే పడాలి గాని కాలెత్తుతారా? గట్టిగా తన్నమన్నాడంటే ఎంత నొచ్చుకుని అన్నాడో నీకు తెలియలేదా? ఆయన కాళ్ళ మీద పడి, "తీసుకుపో" అని ఆయన నోటితోనే నాకు కబురు పంపించు. అప్పటిదాకా పట్నం మాట ఎత్తకు.

ఇట్లు
రఘుపతి

తా.క.: గది దొరికింది. అది వేరే సంగతి.

*

మన ఊరు

కోపంలో ఉన్న మీకు దూరం నుంచే దండం పెట్టి రాసేది.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. అత్తమ్మకు చదివి వినిపిస్తే నవ్వలేక గోడ పట్టుకుంది. "వీడు పట్నంల ఉండి అన్నీ మర్సిండు" అంది.

మామయ్యకు నడుము పట్టింది. తల కంటే ముందు కాళ్ళు బయటపడి పుట్టినవాళ్ళు తంతే ఆ పట్టు విడుస్తుందని మీకు గుర్తు లేదా? నేను అట్లా ఎదురుకాళ్ళతో పుట్టానని మామయ్య ఊరంతా చెప్పారు. పెద్దవాళ్ళు అన్నారంటే మా అమ్మ చెప్పి ఉంటుందని నేను నోరెత్తలేదు.

ఇప్పుడు చిక్కేమిటంటే, గుట్ట కింద పోలీసు క్యాంపు పడ్డది కదా, వాళ్ళు గోడ కట్టుకోవడానికి రాళ్ళు మొయ్యమని మగవాళ్ళను పిలుస్తున్నారు. మామయ్యను పిలిచిన రోజే నడుము పట్టింది. సోమన్నను పిలిచారు, ఆయనకూ పట్టింది. ఇప్పుడు ఊరు ఊరంతా పట్టింది. తెల్లవారేసరికి మన వాకిట్లో కోసిన జొన్న పనలు పరిచినట్టు బోర్లా పడుకుంటారు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని, ఒక్కొక్కరికి కాలు ఆనించి పోతాను. సైదులుకు మాత్రం చక్కిలిగింతలు. తాకకముందే అరుస్తాడు.

పట్నం పంపమని అత్తమ్మతో అడిగించాను. మామయ్య, "ఆమె పోతె ఊరేంగావాలె?" అన్నారు. మీరే ఒక మాట రాయాలి.

మీ
లక్ష్మీనర్సమ్మ

తా.క.: నిన్న పక్క ఊరి నుంచి ఒకాయన మూలుగుతూ వచ్చాడు. అత్తమ్మ ఆయన్ను వరుసలో నుంచి లేపి, "నీకు నిజంగనే నొస్తాంది, దవాఖానకు పో" అని పంపేసింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

*

పట్నం

సౌభాగ్యవతికి రఘుపతి రాసేది.

పెళ్ళయిన కొత్తలో మంచినీళ్ళడిగితే చెంబు గడప మీద పెట్టి పారిపోయేదానివి. ఇప్పుడు ఊళ్ళో మగవాళ్ళందరినీ వరుసగా తొక్కుతున్నావు. బాగుంది.

నలుగురు ఒకచోట చేరితే కమ్యూనిస్టు సంఘం మీటింగని పట్టుకుపోయే రోజులు. మన వాకిట్లో అంతమంది పోగైతే క్యాంపువాళ్ళు ఊరుకుంటారా? వెంటనే ఆపెయ్యి. నిన్ను పంపమని బాపుకు రాశాను. ఎవరితోనో జవాబు రాయించాడు. అందులో "నడుము" అన్న ఒక్క మాటే ఉంది.

ఇట్లు
రఘుపతి

తా.క.: ఆపేదాకా ఆగనక్కరలేదు, సైదులును ఇప్పుడే వరుసలో నుంచి తీసెయ్యి.

*

మన ఊరు

మీకు దండం పెట్టి, తొందరలో రాసేది. టపాలో వెయ్యకుండా పెద్దులు చేతికే ఇస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యండి.

మీరు భయపడ్డట్టే అయింది. నిన్న పొద్దున క్యాంపు జమాదారు తుపాకులవాళ్ళతో వాకిట్లోకి వచ్చాడు. "క్యా మీటింగ్ హై?" అని అరిచాడు. పడుకున్నవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. అత్తమ్మ, "మీటింగు లేదు గీటింగు లేదు సాబ్, గివన్నీ నడుములు" అంది. ఆయన నమ్మలేదు. జీపులో తిరిగి తిరిగి తనకూ నడుము పట్టిందట. నా తన్నుకు అది పోతే సరి, పోకపోతే అందరినీ క్యాంపుకు తోలుతానని టోపీ తీసి బోర్లా పడుకున్నాడు.

కళ్ళు మూసుకుని ఒక్కటి తన్నాను. ఆయన నడుము అరుగు దాకా వినబడేలా టక్కుమంది. ఆయన మెల్లగా లేచి, ఇటు వంగి, అటు వంగి, నాకు సలాం కొట్టాడు! వైద్యం పూర్తయ్యేదాకా వీళ్ళెవరూ రాయి ముట్టొద్దని వెంట వచ్చినవాళ్ళకు చెప్పి పోయాడు.

ఆయన అటు పోగానే మగవాళ్ళందరూ లేచి గంతులేశారు. మామయ్య, "మా నడుములకేం రోగం బిడ్డా? రాళ్ళు తప్పించుకుందామని జేసినం. నడుం లోపటికి తొంగిజూసెటోడెవడు?" అన్నారు. అత్తమ్మ కూడా నవ్వి, "నువ్వు అందర్లెక్క తలకాయతోనే పుట్టినవు. మీ అమ్మ నాకు లగ్గం నాడే జెప్పింది" అంది.

"మరి జమాదారు నడుము ఎట్ల పోయింది అత్తమ్మా?" అని అడిగాను. అందరూ నా కాలి వంక చూశారు.

సాయంత్రం కబురొచ్చింది. నల్లగొండలో వాళ్ళ పెద్ద సాబుకు ఎన్నాళ్ళ నుంచో నడుము నొప్పట. ఎల్లుండి నా కోసం జీపు వస్తుందట. మామయ్య తల పట్టుకున్నారు. అప్పుడు నేను తలుపు చాటు నుంచి, "నాకు కాలు బెణికింది" అన్నాను. ఈ ఇంట్లో మామయ్య ముందు నేను పైకి అన్న మొదటి మాట అదే. "పట్నం దవాఖానలో చూపించుకోవాలి. నేను తిరిగొచ్చేదాకా వైద్యం సగంలోనే ఉంటుంది కదా" అన్నాను.

మామయ్య, "వైద్యం సగంల ఉంటె ఎవ్వడు రాయి ఎత్తొద్దు గద!" అని ఎగిరి దూకారు. మొన్నటిదాకా నన్ను కదలనివ్వని ఊరు, ఇప్పుడు మీరు నన్ను తొందరపడి వెనక్కు పంపొద్దని మొక్కుకుంటోంది. అత్తమ్మ సద్ది కడుతోంది.

రేపు బయలుదేరుతున్న
మీ లక్ష్మీనర్సమ్మ

తా.క.: భువనగిరి దాకా మామయ్య బండి తోలుకొస్తారు. నేను పట్నంలో రైలు దిగి కుంటుతూ వస్తే కంగారుపడకండి, ఎవరు చూస్తుంటారో తెలియదు. గది తలుపు వేశాక మామూలుగానే నడుస్తాను.