ఆవాలు లేని తాలింపు

లచ్చవ్వా, ఈ ఉత్తరం రాయకుంటనే పండుకుందామనుకున్న. బతికున్నప్పుడే నీకు సదువు రాకపాయె, ఇప్పుడేం సదువుతవు? కానీ ఇది మీ అమ్మ పుట్టింటి ముచ్చట.

ఇక్కడ సౌదీలోళ్లను పేరడిగితే తాత పేరు దాకా చెప్తరు. మాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు ఏడు తరాలు నోటికొచ్చు. మీ అమ్మకు ఒక్క తరమన్న లేదు. తెలిసీ తెలువని ఈడుల, గత్తర రోగానికి జనం ఊర్లిడిసి పోతుంటే తప్పిపోయి మన ఊరు చేరింది. ఆమె ఎవరి బిడ్డో తెలువకనే నువ్వు పోయినవు. ఇక్కడ యుద్ధం ఆగి విమానాలు నడిచేసరికి నీ దినాలు కూడ అయిపోయినయి, పెనిమిటినై ఉండి నీ కడసూపుకు రాలేకపోయిన.

ఈ మధ్య హఫర్ అల్ బాతిన్‌లో మా గదికి జగిత్యాల దిక్కు మేస్త్రీ వచ్చిండు, రాజం అని. నా నోటికి తాళముండదు గదా, మా అత్త, అదే మీ అమ్మ, తప్పిపోయిన కథ చెప్పిన. తెల్లారే, "ఆమె మా నాయనమ్మ చెల్లెలే, మామా!" అన్నడు.

"ఇంకా రుజువు కాలే. అందాక అందరి లెక్క చాచా అను," అన్న. ఏసీ కింద నా మంచం మీద వాని కన్నున్నదని నా అనుమానం.

నిన్న వంట వాని వంతు. ఉల్లిగడ్డ కోసే సాకుతో పక్కనే నిలబడ్డ. పప్పు తాలింపులో జీలకర్ర వేసి, ఆవాల డబ్బా అవతలికి నెట్టిండు.

"ఆవాలు మరిచినవారా?"

"మా ఇంట్ల అచ్చిరావు మామా. నాయనమ్మ ముట్టనియ్యదు."

మీ అమ్మా ముట్టనియ్యలేదు, ఊరంతా నవ్వినా నువ్వూ ముట్టలేదు. ఈ తాలింపు సంగతి నేనెవరికన్న చెప్పిన్నా అని పొద్దంతా యాది చేసుకున్న. చెప్పలేదు.

మంచమైతే ఇయ్యలే.

ఇయ్యాల వంట నా వంతు. ఆవాల డబ్బా పక్క గదోళ్లకిచ్చి వచ్చిన.