చీకట్లో గింజలు

ఏప్రిల్ 19, 1994

ల్యాబ్‌లోని తెల్ల సైంటిస్టు బేసిల్ మాట తప్పి ముప్పై ఏళ్ళు దాటింది. తెగులు పట్టిన పొగాకు ఆకుల నుంచి వైరస్ తీసి ఇస్తే, దాన్ని మైక్రోస్కోప్‌లో చూపిస్తానని అక్కడ పనిచేసే నా భార్య సావీకి మాట ఇచ్చాడు. ఆకులు నూరి నూరి ఆమె అరచేతులు పగిలాయి. బేసిల్ పరిశోధన పేపర్ అచ్చయింది. మైక్రోస్కోప్ గది మాత్రం తెల్లవాళ్ళకే. ఆ కోపంతోనే ఆమె చేత ఆ ఉద్యోగం మాన్పించాను. ఆమె నోరు విప్పలేదు.

ఈరోజు వాడి ఫోన్. ల్యాబ్ ఖాళీ చేస్తున్నాడట. సావీ తీసిన వైరస్ ట్యూబ్ ఒకటి ఫ్రిజ్ అడుగున దొరికిందట. ఆమెను తీసుకుని రమ్మన్నాడు. చనిపోయిందని చెప్పలేదు. వాడికెందుకు చెప్పాలి?

ఏప్రిల్ 20

వెళ్ళను.

ఏప్రిల్ 22

వంటింట్లో రోలు చప్పుడు. లేచి చూస్తే ఎవరూ లేరు.

ఆ వైరస్ సన్నని పుల్ల లాంటిది. పొట్టి ముక్కలైతే కాస్త గుమిగూడినా చిందరవందరగానే పడి ఉంటాయి. పొడవైనవి ఇరుకైతే చాలు, వాటంతటవే ఒకే దిక్కుకు తిరుగుతాయి. వాటి మధ్య ప్రేమ అక్కర్లేదు, ఆకారం చాలు. కుదిపితే విరుగుతాయని సావీ ట్యూబ్‌ను పసిబిడ్డలా మోసేది.

ఆమె చూడనిది నేనైనా చూడాలి.

ఏప్రిల్ 27

తెల్లవాళ్ళతో సమానంగా మొదటిసారి వోటు వేశాను. మా పేట చాట్స్‌వర్త్ స్కూలు చుట్టూ క్యూ. ఒకరికొకరు గిట్టనివాళ్ళం, అందరం ఒకే దిక్కుకు. నవ్వవేం అంకుల్, వోటు కూడా కాకరకాయలా ఉందా అంది పక్కింటి లొరెయిన్. నా వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. తిరిగి చూడలేదు.

ఏప్రిల్ 29

వెళ్ళాను. ఆ మైక్రోస్కోప్ గది తలుపు బార్లా తీసి ఉంది. బేసిల్ ట్యూబ్‌లోంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద వేశాడు. మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించాను.

నల్లటి చీకటి. అందులో రెండు కొసలా సన్నబడ్డ వెలుగు గింజలు.

బియ్యం ఏరుతూ సావీ ఒకసారి అంది. ఆ పుల్లలన్నీ గుమిగూడితే ఇట్టాగే ఉంటాయి మావా, చీకట్లో ఎలిగే గింజలు అని. చూడకుండానే కథలా అని వెక్కిరించాను. నవ్వి మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఆమె లేదని అప్పుడు చెప్పాను. బేసిల్ కుర్చీలో కూలబడ్డాడు. అప్పట్లోనే ఒక ఆదివారం, ఎవరూ లేనప్పుడు, ఆమెను వెనక తలుపులోంచి లోపలికి తెచ్చి చూపించాడట. నాతో అనొద్దని ఒట్టు వేయించుకుందట. మా ఆయన్ని ఈ గుమ్మం దాటనివ్వరు, నేనొక్కదాన్నే చూశానంటే ఆయన మనసు విరిగిపోతుంది అందట.

ఏప్రిల్ 30

మళ్ళీ రోలు చప్పుడు. లేవలేదు.

ఇన్నేళ్ళూ తిట్టుకున్నది వాణ్ణి. నాకు చెప్పాల్సింది నువ్వు, సావీ.