అమ్మమ్మ పలికిన పేరు

అమ్మా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. ఈ ఆదివారం సిద్దిపేట చర్చిలో నా బిడ్డకు బాప్తిస్మం ఇప్పించి, నీ పేరే పెట్టాం, మార్గరెట్ అని.

చేర్యాల బస్సులో వచ్చిన అమ్మమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. నీకు బాప్తిస్మంలో ఆ పేరు పెట్టినా, తను చివరిదాకా ముత్యాలూ అనే పిలిచేది కదా.

"నేను పెట్టిన పేరు తీసేసిన్రు. మల్ల గిప్పుడు దీనికి గూడ గా పేరేనా?" అంది.

నాకు ఒళ్లు మండి, అదేమంత చెడ్డ పేరో తేలుద్దామని, మార్గరెట్ అంటే అర్థమేమిటో చెప్పమని పాస్టరమ్మను అడిగాను.

"ముత్యం" అందామె.

అమ్మమ్మ చేతులు చాపి పాపను ఒళ్లోకి తీసుకుంది.

"గీ ముచ్చట నా బిడ్డకు ఎరుకేనా?"

నీకు ఎరుక లేదన్నాను.

"మార్గరెట్టూ" అని మెల్లగా పిలిచింది. పాప ఆమె ఒళ్లోనే నిద్రపోతోంది. అమ్మమ్మ చూపు మాత్రం, నువ్వు వస్తావన్నట్టు, వాకిలి వైపు ఉంది.