ఎర్ర కారు ఎడమ లైటు

బావా,

గుఢియారీ షెడ్డులో నువ్వు సగంలో వదిలేసి పోయిన పాత జపాన్ రేసు కారుకి ఇవాళ పొద్దున ప్రాణం వచ్చింది. అక్కని పక్కన కూర్చోబెట్టుకుని టాటీబంధ్ దాకా పోయాను. మంచులో లారీలు లేవు, రోడ్డూ లేదు. మబ్బు మీద తేలినట్టుంది.

ఇప్పుడు నిజం చెప్తాను, తిట్టకు. బానెట్‌లోంచి పైకి లేచే లైట్లలో ఎడమది లేవట్లేదని నువ్వు మూడుసార్లు దాని మోటారు విప్పావు కదా, ప్రతిసారీ వైరు పీకింది నేనే. చెప్పేలోపే కన్నుమూశావు. నిన్న దాన్ని నా చేత్తోనే గట్టిగా బిగించాను.

ఇవాళ స్విచ్ నొక్కితే కుడిది లేచింది. ఎడమది లేవలేదు.

అక్క నా చెవి మెలేసింది. "మళ్లీ పీకావురా, బద్మాష్?"

ఒట్టు బావా, ఈసారి నేను కాదు. నువ్వేనా?